కారు కొనుగోలు మానుకొన్నప్పుడు బయానా సొమ్మును తిరిగి పొందుట ఎట్లు?

గ్రామపంచాయతీ సభ్యుని కర్తవ్యము వీధి దీపములతోను, మురుగు కాల్వలతోను ముగియునది కాదు. ఊరిలో ఎవరికి ఏ చిక్కు వచ్చినను మొదట తలుపు తట్టునది సభ్యుని ఇంటినే. పూర్వము అట్టి చిక్కులు గట్టు తగాదాలు, పశువుల తగాదాలు, నీటి వంతులు. ఇప్పుడు వానితోపాటు క్రొత్త చిక్కులును వచ్చుచున్నవి. కారు కొనుటకు బయానా కట్టి, తరువాత కొనలేకపోయిన వారి సొమ్ము షోరూములలో నిలిచిపోవుట వానిలో ఒకటి. ఈ విషయమున చట్టము ఏమి చెప్పుచున్నది, సభ్యులు తమ గ్రామస్థులకు ఏ విధముగ దారి చూపవచ్చును అను సంగతులను మేము ఈ పాఠమున వివరింపదలచితిమి.

పల్లెకు కారు ఎందుకు వచ్చినది?

హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు రహదారిపై పహాడీ షరీఫ్ కలదు. కొండమీది బాబా షర్ఫుద్దీన్ దర్గా వలన ఆ ఊరు ప్రసిద్ధి చెందినది. ఒకప్పుడు అదియు గ్రామపంచాయతీయే. తరువాత పట్టణ పాలనలోనికి పోయినది. దానికి చేరువనే శంషాబాదున 2008 మార్చిలో అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. అప్పటినుండి ఈ ప్రాంతమునందును, ఇంకను దక్షిణమున మహేశ్వరము, కందుకూరు వైపు గ్రామములందును కారు నడుపుట ఒక జీవనోపాధి అయినది. ప్రయాణికులను విమానాశ్రయమునకు చేర్చి, అచ్చటినుండి నగరమునకు తెచ్చి కుటుంబమును పోషించుకొను యువకులు అనేకులు కలరు.

ఇట్టివారికి కారు విలాస వస్తువు కాదు. రైతుకు కాడెద్దుల వంటిది. దాని కొరకు కట్టిన బయానా సొమ్ము ఏ పొదుపు సంఘమునుండియో, బంధువులనుండియో తెచ్చిన అప్పు. బ్యాంకు ఋణము మంజూరు కాక కారు కొనుట ఆగిపోయినచో, ఆ అప్పుపై వడ్డీ మాత్రము ఆగదు. కావున బయానా సొమ్ము ఎన్నాళ్ళకు తిరిగివచ్చునన్నది ఆ కుటుంబమునకు చిన్న ప్రశ్న కాదు.

బయానా అననేమి?

సొమ్ము కట్టునప్పుడు మనవారు అన్నిటిని బయానా అనియే అందురు. కాని చట్టము దృష్టిలో రెండు విధములైన సొమ్ములు కలవు. మొదటిది, ఒప్పందమును తప్పక నెరవేర్తునని హామీగా ఇచ్చు సొమ్ము. కొనువాడు మాట తప్పినచో అమ్మువాడు దీనిని ఉంచుకొనవచ్చును. రెండవది, ధరలో కొంత భాగముగ ముందు చెల్లించు సొమ్ము. బేరము చెడినచో దీనిని తిరిగి ఇచ్చివేయవలెను. అమ్మువానికి నిజముగ నష్టము కలిగియున్నచో తగినంత మాత్రమే మినహాయించుకొనవచ్చును.

భారత కాంట్రాక్టు చట్టము 1872 నుండి అమలునందున్నది. ఒప్పందమును తప్పినవాడు ఇంత సొమ్ము చెల్లించవలెనని కాగితముపై వ్రాసియున్నను, న్యాయస్థానము సమంజసమైన పరిహారమునే ఇప్పించునని దాని 74వ సెక్షను చెప్పుచున్నది. వ్రాసిన మొత్తము గరిష్ఠపు హద్దు మాత్రమే. షోరూము ఫారము అడుగున చిన్న అక్షరములతో “బుకింగు సొమ్ము వాపసు ఇవ్వబడదు” అని అచ్చువేసినంత మాత్రమున వాదము ముగిసిపోలేదని దీనివలన తెలియుచున్నది.

సుప్రీంకోర్టు తీర్పులు

ఈ విషయమున మూడు తీర్పులను సభ్యులు తెలిసికొనుట మంచిది. ఇవి కార్లకు సంబంధించినవి కావు. కాని సూత్రము ఒక్కటే.

1963లో ఫతేచంద్, బాల్‌కిషన్ దాస్‌ల వ్యాజ్యము తీర్మానింపబడినది. ఢిల్లీలో ఒక ఇంటి కొనుగోలు చెడినది. కొనువాడు బయానాగా 1,000 రూపాయలును, ధరలో భాగముగ మరి 24,000 రూపాయలును చెల్లించియుండెను. అమ్మువాడు మొత్తమును ఉంచుకొనదలచెను. బయానా అయిన 1,000 రూపాయలను ఉంచుకొనవచ్చుననియు, నష్టము రుజువు కాలేదు గనుక 24,000 రూపాయలను ఉంచుకొనరాదనియు సుప్రీంకోర్టు చెప్పెను.

1969లో శ్రీ హనుమాన్ కాటన్ మిల్సు, టాటా ఎయిర్‌క్రాఫ్టు కంపెనీల వ్యాజ్యమున ఫలితము వేరు. పాత విమానముల తుక్కును కొనుటకు చెల్లించిన రెండున్నర లక్షల రూపాయలు బయానాయేననియు, కొనువారు మిగిలిన సొమ్ము చెల్లించనందున అది వారికి దక్కదనియు తీర్పు వచ్చెను. ఒప్పందపు షరతులు స్పష్టముగ ఉన్నప్పుడు కొనువానికి నష్టము కలుగవచ్చునని ఇందువలన గ్రహింపవలెను.

2015లో కైలాస్‌నాథ్ అసోసియేట్సు, ఢిల్లీ అభివృద్ధి సంస్థల వ్యాజ్యమున 78 లక్షల రూపాయల బయానాను తిరిగి ఇవ్వవలెనని సుప్రీంకోర్టు ఆదేశించెను. అందు ఒప్పందమును తప్పినది కొనువాడు కాదని కోర్టు తేల్చెను. అంతేకాక, ఆ స్థలమును సంస్థ మరల వేలమువేసి మొదటి ధర 3 కోట్ల 12 లక్షలకు బదులు 11 కోట్ల 78 లక్షలు పొందెను. నష్టమే లేనిచోట పరిహారము ఎక్కడిది?

కారు విషయమునను ఈ ప్రశ్ననే వేయవలెను. ఒకరు మానుకొన్న కారును డీలరు మరునాడే మరియొకరికి పూర్తి ధరకు అమ్మియున్నచో, ఆయనకు కలిగిన నష్టమెంత?

ఏ దశలో మానుకొన్నారు?

సొమ్ము ఎంత తిరిగి వచ్చుననునది చాలవరకు రద్దు చేసిన దశపై ఆధారపడియుండును. ఒక ఉదాహరణమును ఊహింతము. ఒక యువకుడు తొమ్మిది లక్షల రూపాయల కారునకు 25,000 రూపాయలు కట్టెను.

మొదటి దశ: కారు ఇంకను ఆయన పేర కేటాయింపబడలేదు. ఋణము రాలేదు. అప్పుడే వ్రాతమూలకముగ రద్దు చేసెను. డీలరుకు కలిగిన ఖర్చు స్వల్పము. సొమ్మంతయు, లేదా ఫారములో ముందే చెప్పిన స్వల్ప రుసుము పోను మిగిలినదంతయు తిరిగి అడుగుట న్యాయము.

రెండవ దశ: కారు వచ్చినది. చాసిస్ నంబరుతో ఇన్‌వాయిసు వ్రాసిరి. బీమా చేయించిరి. తాత్కాలిక రిజిస్ట్రేషనుకు పన్ను కట్టిరి. అప్పుడు మానుకొన్నచో, నిజముగ వ్యయమైన మొత్తములను రసీదులతో లెక్కచూపి మినహాయించుకొనుటకు డీలరుకు ఆధారము ఉండును. కాని లెక్క చూపవలసినది డీలరే, నోటిమాట చాలదు.

మూడవది: తప్పు డీలరుదే. చెప్పిన గడువు దాటినను కారు ఇవ్వలేదు. లేదా ధర పెంచిరి. లేదా అడిగిన రకమునకు బదులు వేరొకదానిని అంటగట్టజూచిరి. అప్పుడు కోతకు చోటు లేదు. మొత్తము సొమ్మును, ఆలస్యమునకు వడ్డీని కూడ అడుగవచ్చును.

“మీ బయానాపై జి.ఎస్‌.టి. కట్టివేసితిమి, అది రాదు” అని చెప్పు షోరూములు ఉండవచ్చును. వస్తువుల కొరకు ముందుగ తీసికొన్న సొమ్ముపై ఆనాడే జి.ఎస్‌.టి. కట్టవలసిన నిబంధన సాధారణ వర్తకులకు 2017 నవంబరు నుండి లేదు. ఇన్‌వాయిసు వ్రాసినప్పుడే ఆ పన్ను పుట్టును. కావున ఇన్‌వాయిసు లేనిచోట ఈ సాకు నిలువదు.

సొమ్ము కట్టుటకు ముందు

రోగము వచ్చిన తరువాత మందు వెదకుటకంటె ముందు జాగ్రత్త మేలు. సభ్యులు తమ గ్రామస్థులకు ఈ సంగతులను చెప్పవలెను.

1. సొమ్మును కంపెనీ ఖాతాకే పంపవలెను. అమ్మకపు ఉద్యోగి సొంత ఫోను నంబరుకు పంపరాదు. అట్లు పంపినచో తరువాత “మాకు ముట్టలేదు” అను మాట వినవలసివచ్చును.

2. ముద్ర గల రసీదు తీసికొనవలెను. అందు కారు రకము, రంగు, ధర, ఇచ్చు తేదీ ఉండవలెను.

3. ఫారమును చదివించుకొని, రద్దు షరతులు తెలిసిన తరువాతనే సంతకము చేయవలెను. ఋణముపై ఆధారపడువారు “ఋణము మంజూరు కానిచో పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వబడును” అని ఫారముపై వ్రాయించి, డీలరు సంతకము పొందవలెను. ఈ ఒక్క వాక్యము అనేక తగాదాలను నివారించును.

రద్దు చేయు విధము

షోరూమునకు పోయి నోటితో చెప్పి వచ్చుట చాలదు. ఫోనులో చెప్పుటయు చాలదు. రద్దు ఏనాడు జరిగినదనుటకు కాగితమే సాక్ష్యము. లేఖను రెండు ప్రతులు వ్రాసి, ఒకటి ఇచ్చి, రెండవదానిపై తేదీతో ముద్ర వేయించుకొనవలెను. ముద్ర వేయ నిరాకరించినచో స్పీడుపోస్టులో పంపి ఆ రసీదును భద్రపరచవలెను. ఈమెయిలు ఉన్నచో దానిద్వారా కూడ పంపవలెను. లేఖ ఈ విధముగ ఉండవచ్చును:

“అయ్యా, నేను ఫలానా తేదీన ఫలానా రసీదు నంబరు క్రింద ఫలానా రకము కారు కొరకు 25,000 రూపాయలు చెల్లించితిని. నాకు ఋణము మంజూరు కానందున ఈ బుకింగును నేటి తేదీన రద్దు చేసికొనుచున్నాను. నా పేర ఇంతవరకు ఇన్‌వాయిసు వ్రాయబడలేదు. కావున నా సొమ్మును ఈ లేఖ అందిన 15 దినములలో క్రింది బ్యాంకు ఖాతాకు పంపగోరుచున్నాను. ఏమైన మినహాయింపదలచినచో దాని వివరములను రసీదులతో వ్రాతమూలకముగ తెలుపగోరుచున్నాను.”

ఈ లేఖలో కోపము లేదు, బెదిరింపు లేదు. తేదీ, మొత్తము, కారణము, గడువు ఉన్నవి. ఇవియే కావలసినవి. అసలు రసీదును షోరూములో ఇచ్చివేయరాదు. నకలు మాత్రమే ఇవ్వవలెను.

గడువు దాటినను సొమ్ము రానిచో

మొదట కారు తయారుచేయు కంపెనీవారి వినియోగదారుల విభాగమునకు ఫిర్యాదు వ్రాయవలెను. డీలరుషిప్పును కాపాడుకొనవలసిన డీలరు కంపెనీ మాటకు తరచు లోబడును. కాని సొమ్ము తీసికొన్నది డీలరు గనుక బాధ్యత ముఖ్యముగ ఆయనదే. డీలరు తప్పునకు, తన ప్రమేయము లేనప్పుడు, తయారీదారుని బాధ్యుని చేయరాదని 2021లో టాటా మోటార్సు వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. కావున ఫిర్యాదులో డీలరు పేరు తప్పక ఉండవలెను.

రెండవ మెట్టు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము. దాని నంబరు 1915. అచ్చట తెలుగులో మాటలాడవచ్చును. వారు తీర్పు చెప్పరు. ఫిర్యాదును వ్యాపారికి పంపి రాజీకి ప్రయత్నింతురు. దీనికి ఖర్చు లేదు.

మూడవ మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. ధరలో కొంత భాగము చెల్లించి మిగిలినది చెల్లింతునన్నవాడును ఈ చట్టము క్రింద వినియోగదారుడే. ఫిర్యాది తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. షోరూము ఏ నగరమున ఉన్నను, మహేశ్వరము వాసి రంగారెడ్డి జిల్లా కమిషన్‌ను ఆశ్రయింపవచ్చును. చెల్లించిన ప్రతిఫలము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. ఫిర్యాది స్వయముగ వాదించుకొనవచ్చును. వకీలు తప్పనిసరి కాదు. ఇ-జాగృతి అను ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. వివాదము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. ఎదుటి పక్షమునకు నోటీసు అందిన మూడు నెలలలో పరిష్కరింప యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నను, ఆచరణలో ఆలస్యము కావచ్చును. కనుకనే రాజీకి మొదటి రెండు మెట్లను శ్రద్ధగ వాడుకొనవలెను.

టాక్సీ నడుపువారికి ఒక సందేహము కలుగవచ్చును. వ్యాపారము కొరకు కొన్నవాడు వినియోగదారుడు కాడని చట్టమున్నది గదా? నిజమే. కాని కేవలము స్వయముపాధి ద్వారా తన జీవనోపాధి కొరకే కొనువానికి ఆ మినహాయింపు వర్తించదు. తానే నడుపుకొనుటకు ఒక కారు కొనువాడు వినియోగదారుడే. పది కార్లు కొని జీతగాండ్రచే నడిపించువాడు కాకపోవచ్చును. ఈ సంగతిని ఫిర్యాదులో స్పష్టముగ వ్రాయవలెను.

కమిషన్ ఆజ్ఞను పాటింపనివానికి నెల నుండి మూడు సంవత్సరముల వరకు జైలు గాని, 25,000 రూపాయలకు తక్కువ కాకుండ లక్ష వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

సభ్యులు చేయదగినది

పంచాయతీ న్యాయస్థానము కాదు. డీలరును పిలిపించి తీర్పు చెప్పుటకు సభ్యులకు అధికారము లేదు. షోరూముపైకి గుంపుగ పోవుటయు తగదు. అట్లు పోయినచో న్యాయముగ రావలసిన సొమ్ముకూడ తగాదాలో చిక్కుకొనును. కాని చేయదగిన పనులు అనేకము కలవు. చదువురాని వానికి లేఖ వ్రాసిపెట్టవచ్చును. రసీదుల నకళ్ళను, తేదీలను వరుసగ కూర్పించవచ్చును. పంచాయతీ కార్యాలయపు గోడపై 1915 నంబరును వ్రాయించవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, బీదవారికి ఉచిత న్యాయసహాయము కలదనియు, దాని నంబరు 15100 అనియు గ్రామసభలో చెప్పవచ్చును.

బయానా సొమ్ము కోల్పోయిన కుటుంబములలో చాలమంది చట్టము చాలక కోల్పోవుట లేదు. కాగితము లేక, గడువు తెలియక, అడుగుటకు వెరచి కోల్పోవుచున్నారు. అక్షరము వచ్చిన ఒక్క సభ్యుడు ప్రక్కన కూర్చుండి ఒక్క లేఖ వ్రాసిపెట్టినచో, ఆ కుటుంబమునకు 25,000 రూపాయలు తిరిగి వచ్చుటకు దారి ఏర్పడును. ఆ సేవ గ్రామమునకు ఒక రోడ్డు వేసినదానికి తక్కువ కాదని మా నమ్మకము.