టెస్టు మ్యాచ్ అంటే ఏమిటి? మన సి.కె. నాయుడి కథ

ఆటల్లో సంప్రదాయం అంటే ఏమిటో ట్రాయ్‌లో పెరిగే పిల్లలకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. థాంక్స్‌గివింగ్ నాడు డెట్రాయిట్ లయన్స్ ఆట 1934లో మొదలైన ఆచారం. ఇంట్లో టర్కీ వండినా, పులిహోర కలిపినా, టీవీలో ఆ ఆట నడుస్తూ ఉండాల్సిందే. అయితే ఇక్కడి పెద్ద ఆటలు చాలావరకు ఊరికీ ఊరికీ మధ్య జరిగేవి. బేస్‌బాల్ వాళ్ళు 'వరల్డ్ సిరీస్' అని పేరు పెట్టుకున్నా, అందులోకి రాగలిగేవి ఈ దేశపు జట్లూ, ఒక్క టొరాంటో జట్టూ మాత్రమే. అందుకే మన పిల్లలకు ఒక సందేహం వస్తుంది. ఇండియా మ్యాచ్ అంటే నాన్న తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటారెందుకు? ఈ పాఠం ఆ పిల్లల కోసం. పక్కన కూర్చుని చదివి వినిపించే నాన్నల కోసం కూడా!

క్రికెట్‌లో రెండు దేశాల మధ్య రోజుల తరబడి సాగే ఆటను టెస్టు మ్యాచ్ అంటారు. ఆస్ట్రేలియా, ఇంగ్లండులలో రగ్బీ లీగ్ అనే ఆట ఒకటి ఉంది, ఇక్కడి ఫుట్‌బాల్‌కు దూరపు చుట్టం. అందులోనూ దేశాల మధ్య జరిగే ఆటకు టెస్టు అనే పేరు. టెస్టు అంటే పరీక్ష. క్లబ్బుకు ఎన్నేళ్ళు ఆడినా, దేశం టోపీ పెట్టుకున్న రోజునే ఆటగాడికి అసలు పరీక్ష అని ఆ ఆటల వాళ్ళ నమ్మకం. క్రికెట్‌లో మొదటి టెస్టు 1877లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా, ఇంగ్లండుల మధ్య జరిగింది. మేమూ ఆడతామని ఏ దేశమైనా బరిలోకి దిగిపోతే కుదరదు. ఆ హోదా దక్కాలి. మన దేశానికి అది దక్కడంలో ఒక తెలుగువాడి బ్యాటు చాలా పని చేసింది.

ఆయన కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. వాళ్ళది తెలుగునేల వదిలి అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబం, మనలాగే అన్నమాట. 1926 డిసెంబరులో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు బొంబాయి వచ్చింది. హిందువుల జట్టు తరఫున నాయుడుగారు రెండు గంటలు కూడా పట్టకుండా 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే 11! వచ్చినవాళ్ళే ముచ్చటపడి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. ఆ ఆట చూశాక భారతీయులు టెస్టులు ఆడగలరన్న నమ్మకం కుదిరింది. 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932లో ఇంగ్లండు నుంచి పిలుపు వచ్చింది.

ఆ రోజుల్లో జట్టుకు నాయకుడంటే మహారాజే ఉండాలి. ఆ పర్యటనకు పోరుబందరు మహారాజు కెప్టెన్. తన ఆట ఏపాటిదో ఆయనకు తెలుసు. టెస్టు దగ్గరపడ్డాక పక్కకు తప్పుకున్నారు, నాయకత్వం నాయుడుగారికి వచ్చింది. మా దృష్టిలో ఆ మహారాజు చేసిన గొప్ప పని అదే.

1932 జూన్ 25, లండన్‌లోని లార్డ్స్ మైదానం. ఆ సమయంలో గాంధీగారు ఎరవాడ జైల్లో ఉన్నారు. పాలించేవాళ్ళూ, పాలింపబడేవాళ్ళూ ఒకే నిబంధనల కింద ఎదురెదురుగా నిలబడటం అంటే ఏమిటో ఊహించండి. అంపైరు వేలెత్తితే దొరగారైనా పెవిలియన్‌కు నడవాల్సిందే. ఇంగ్లండు ఓపెనర్లు సట్‌క్లిఫ్, హోమ్స్ పది రోజుల కిందటే యార్క్‌షైర్ తరఫున ఇద్దరే కలిసి 555 పరుగులు చేసినవాళ్ళు. మన మహమ్మద్ నిసార్ ఇద్దరినీ బౌల్డ్ చేశాడు. మలయాలో పుట్టిన లాల్ సింగ్ బంతి విసిరి వూలీని రనౌట్ చేశాడు. ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు! ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడుగారు మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. మనవాళ్ళలో అదే ఎక్కువ. రెండో ఇన్నింగ్స్‌లో అమర్ సింగ్ 51 కొట్టాడు. చివరికి 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఓడినా, మన టెస్టు ఆటగాళ్ళ వరుస ఆ పదకొండుమందితోనే మొదలైంది.

ఇదే గౌరవం కోసం ఇంకో దారిలో వెళ్ళినవాడూ మన తెలుగునేల వాడే. 1936 పర్యటనకు విజయనగరం మహారాజకుమారుడు 'విజ్జీ' కెప్టెన్ అయ్యారు. డబ్బూ పలుకుబడీ దండిగా ఉన్న మనిషి. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించేశారు. ఆ ఏడే ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది. నాయుడుగారు ఆయన కింద మామూలు ఆటగాడిగా ఆడి, ఓవల్ మైదానంలో తన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌లో 81 పరుగులు చేశారు. ఈ ఇద్దరిలో టోపీ ఎవరికి నప్పిందో మీరే చెప్పండి.

ఇక అమెరికా సంగతి. క్రికెట్‌లో రెండు దేశాల మధ్య మొట్టమొదటి మ్యాచ్ ఎక్కడ జరిగిందో తెలుసా? న్యూయార్క్‌లో, 1844లో! ఆడింది అమెరికా, కనడా. మన డెట్రాయిట్ నది దాటితే కనిపించే కనడాయే. 23 పరుగులతో వాళ్ళే గెలిచారు. 2024 జూన్‌లో అమెరికా మొదటిసారి టీ20 ప్రపంచ కప్ ఆడినప్పుడు తొలి మ్యాచ్ మళ్ళీ కనడాతోనే. ఈసారి అమెరికా గెలిచింది, ఆ తరువాత పాకిస్తాన్‌నూ ఓడించింది. అంతకుముందు 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగిన అండర్-19 అమ్మాయిల ప్రపంచ కప్‌కు అమెరికా జట్టు కెప్టెన్ గీతిక కొడాలి. ఆ జట్టులో మిగతా ఇంటిపేర్లు కొన్ని చదవండి: భద్రిరాజు, ముళ్ళపూడి, కొలన్. మా హాజరు పట్టీ చదువుతున్నట్టే ఉంటుంది!

2024 జూన్ 12న న్యూయార్క్ దగ్గర ఇండియా, అమెరికా తలపడ్డాయి. ముంబైలో పుట్టి, ఒకప్పుడు ఇండియా అండర్-19 జట్టుకు ఆడిన సౌరభ్ నేత్రావల్కర్ ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆ రోజు అమెరికా తరఫున మొదటి బంతికే కోహ్లీని ఔట్ చేసి, ఆపైన రోహిత్ శర్మనూ పంపించాడు. ఇండియా ఏడు వికెట్ల తేడాతో గెలిచింది.

పిల్లలూ, ఇక మీ వంతు. ఆ రోజు మీ ఇంట్లో ఎవరు ఏ జట్టు వైపు ఉన్నారో అడిగి, ఎందుకో అయిదు వాక్యాలలో తెలుగులో రాయండి. మీరు ఎవరి వైపో కూడా రాయండి. తాతగారికి ఫోన్ చేసి, నాయుడుగారి గురించి ఆయనకేం తెలుసో కనుక్కోండి.