పాలిస్తే కడుపు రాదా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. బాబుకి అయిదో నెల. నా పాలే పడుతున్నాను, నెలసరి ఇంకా రాలేదు. మావారు వచ్చే నెల కువైట్ నుంచి సెలవుమీద వస్తున్నారు. పాలిచ్చినన్నాళ్లూ కడుపు రాదంటారు మా అత్తయ్య. మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు వాడొచ్చా?

జవాబు: మీ అత్తగారి మాట సగం నిజం. బిడ్డ పాలు తాగినప్పుడల్లా ప్రొలాక్టిన్ పెరిగి అండం విడుదల కాకుండా ఆపుతుంది. అయితే ఇది పనిచేయాలంటే బాబుకి ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలే పట్టాలి, నెలసరి రాకూడదు. ఉగ్గు మొదలెట్టారా, ఇక ఆ ధీమా లేదు. అండం నెలసరికి ముందే విడుదలవుతుంది. అందుకే ముట్టే రాకుండా మళ్లీ నెల తప్పేవాళ్లుంటారు.

మాలా-ఎన్ ఇప్పుడు వద్దు. అందులోని ఈస్ట్రోజెన్ పాలు తగ్గించవచ్చు. ‘ఛాయ’ నయం. లక్నో కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన ఈ మాత్రలో హార్మోన్ లేదు. మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. క్యాలెండర్లో ఆది, బుధవారాలకు సున్నాలు చుట్టుకోండి. ‘అంతర’ ఇంజెక్షన్ 3 నెలలు పనిచేస్తుంది, పాలకు ఇబ్బంది లేదు. కానీ ఆపాక గర్భం రావడం ఆలస్యమవుతుంది. కొద్దివారాల సెలవే అయితే నిరోధ్ చాలు, అది మీవారి పని!

ఇవన్నీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఆయన విమానం దిగకముందే మీ ఊరి ఆశా కార్యకర్తను కలవండి.