రోహిణి కార్తెలో మీ సోలార్ పంపు ఎన్ని వాట్లు ఇస్తుంది? ప్యానెల్ ఎంపిక లెక్క



సోలార్ పంపు పెట్టుకోవాలనుకునే రైతులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, పాలీ వేయించాలా, మోనో వేయించాలా? ఇప్పుడు టాప్‌కాన్ అంటున్నారు, అదేంది?" వీడియోలో ప్యానెళ్లు చూపించాను కానీ, లెక్కలు వింటే గుర్తుండవు. అందుకే ఇక్కడ రాస్తున్నా. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

మనకు నీళ్లు గట్టిగా కావాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. ఆచ్ఛాదన కింద తేమ ఆరిపోతే ఎంత జీవామృతం పోసినా సూక్ష్మజీవులు పనిచేయవు. సరిగ్గా ఆ నెలల్లోనే ప్యానెల్ మీద వేడి, దుమ్ము రెండూ ఎక్కువ. కాబట్టి ఆ రెండు నెలల లెక్క వేసుకుని ప్యానెల్ ఎంచుకోవాలి.

1. ప్యానెల్‌కు ఎండ కావాలి, వేడి పనికిరాదు

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద 540 వాట్లు అని ఉంటే అది ల్యాబ్‌లో కొలిచిన అంకె. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, లోపలి సెల్లు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు కొలుస్తారు. మన దగ్గర రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. గాలి 42 డిగ్రీలున్న రోజు మధ్యాహ్నం సెల్లు 65 నుంచి 70 డిగ్రీల దాకా పోతుంది. సెల్లు వేడెక్కే కొద్దీ వోల్టేజి పడిపోతుంది, దాంతోపాటు పవరూ తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో కంపెనీయే డేటాషీటులో రాస్తుంది. టెంపరేచర్ కోయెఫిషియంట్ అనే వరుసలో పీమ్యాక్స్ ఎదురుగా మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ ఎంత శాతం పవరు పోతుందో అది చెబుతుంది. ఎంత చిన్నదైతే అంత మంచిది. సుమారుగా ఇలా ఉంటాయి:

- పాలీ, అంటే నీలం ప్యానెల్: 0.40
- మోనో పెర్క్: 0.35
- టాప్‌కాన్: 0.30
- హెచ్‌జేటీ: 0.25

ఇప్పుడు 5 హెచ్‌పీ పంపుకు 4,800 వాట్ల ప్యానెళ్లు ఉన్నాయనుకుందాం. సెల్లు 65 డిగ్రీల దగ్గర ఉంటే 25 కంటే 40 డిగ్రీలు ఎక్కువ. పాలీకి 40ని 0.40తో గుణిస్తే 16 శాతం, అంటే 768 వాట్లు పోయి 4,032 మిగులుతాయి. మోనో పెర్క్‌కు 4,128, టాప్‌కాన్‌కు 4,224, హెచ్‌జేటీకి 4,320 వాట్లు మిగులుతాయి. ఇది ఒక్క వేడి లెక్కే. వైర్లలో పోయేది, దుమ్ము వల్ల పోయేది ఇంకా కలపలేదు.

చూశారు కదా, పాలీకీ టాప్‌కాన్‌కీ తేడా 192 వాట్లు. తేడా ఉంది, కానీ అమ్మేవాళ్లు చెప్పినంత ఆకాశానికీ భూమికీ ఉన్నంత లేదు. ఈ 192 అంకె గుర్తు పెట్టుకోండి, దుమ్ము దగ్గర మళ్లీ పనికొస్తుంది.

టాప్‌కాన్‌కు ఇంకో లాభం, అది నిదానంగా ముసలిదవుతుంది. పెర్క్ ప్యానెల్‌కు సాధారణంగా మొదటి ఏడాది 2 శాతం, ఆ తర్వాత ఏటా 0.55 శాతం తరుగు వేసి వారంటీ ఇస్తారు. టాప్‌కాన్‌కు మొదటి ఏడాది 1 శాతం, తర్వాత 0.4 శాతం. పాతికేళ్ల లెక్కలో పెర్క్ 85 శాతం దగ్గర, టాప్‌కాన్ 89 శాతం దగ్గర నిలుస్తాయి.

2. దుమ్ము అసలు దొంగ

వారాల తరబడి తుడవక దుమ్ము వల్ల పదో వంతు పవరు పోయిందనుకోండి. 4,800లో అది 480 వాట్లు. టాప్‌కాన్ కొని మీరు సంపాదించిన 192 వాట్లకు రెండింతలు పైనే. ఖరీదైన ప్యానెల్ కొని తుడవకపోతే, పాత పాలీ పెట్టుకుని తుడుచుకునే పక్క రైతుకే నీళ్లు ఎక్కువ వస్తాయి.

మీ పొలంలో దుమ్ము ఎంత తింటోందో మీరే కొలవండి. మబ్బు లేని రోజు 12 గంటలకు కాస్త ముందు కంట్రోలర్ డిస్‌ప్లేలో వాట్లు చూసి రాసుకోండి. ఆ సాయంత్రం తుడవండి. మర్నాడు ఎండ అలాగే ఉంటే అదే టైముకు మళ్లీ చూడండి. ఆ తేడాను బట్టి ఎన్ని రోజులకోసారి తుడవాలో మీకే తెలుస్తుంది.

తుడిచేటప్పుడు ఇవి గమనించండి:

- పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తుడవాలి. కాలిపోతున్న గాజు మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.
- బూడిద, మట్టి, కొబ్బరి పీచు వాడొద్దు. గాజు మీద వెలుతురును లోపలికి పంపే సన్నని పూత గీసుకుపోతుంది. మెత్తటి గుడ్డ, లేదా రబ్బరు అంచున్న వైపర్ చాలు.
- ఉప్పు బోరు నీళ్లు ఆరితే తెల్ల మరక పడుతుంది. దాచుకున్న వాన నీళ్లుంటే అవి మేలు. లేకపోతే వైపర్‌తో నీళ్లు పూర్తిగా లాగేయండి.
- వేపనూనె, కషాయాలు కొట్టేటప్పుడు గాలి ప్యానెళ్ల వైపు లేకుండా చూసుకోండి. జిడ్డు పడితే దుమ్ము దానికే అంటుకుంటుంది.

ఎంపికలో ఇక్కడ చూడాల్సింది హాఫ్‌కట్ సెల్లు. దుమ్మంతా జారి కింది అంచున గట్టుకడుతుంది. హాఫ్‌కట్ ప్యానెల్‌ను నిలువుగా బిగిస్తే, కింది సగం మీద నీడ పడ్డా పై సగం తన పని తాను చేసుకుంటుంది.

3. వానాకాలం: ముసురు, తేమ, గాలివాన

ముసురు పట్టిన రోజు ఏ ప్యానెల్ అయినా కొద్దిగానే ఇస్తుంది. "మబ్బులో కూడా ఫుల్ పవర్" అంటే నమ్మకండి. నా సలహా, మబ్బు రోజుల కోసం ఎక్కువ డబ్బు పెట్టే బదులు ఎండ ఉన్న రోజు నింపుకునే తొట్టి కట్టుకోండి.

తేమ సంగతి వేరే. లోపలికి చెమ్మ దూరితే సెల్లు పాడవుతుంది, టాప్‌కాన్‌కు ఇది ఇంకా పడదు. కాబట్టి టాప్‌కాన్ తీసుకుంటే వెనక ప్లాస్టిక్ షీటు బదులు రెండు వైపులా గాజున్నది తీసుకోండి. అది బరువు ఎక్కువ, గాజు సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. కంపెనీ చెప్పిన చోటే, చెప్పినంతే క్లాంపు బిగించాలి. వెనక కూడా వెలుతురు తీసుకునే బైఫేషియల్ రకమైతే నేల నుంచి కనీసం మూడడుగుల ఎత్తు ఉంచండి. కింద గాలి ఆడి వేడి కూడా తగ్గుతుంది.

మన రెండు రాష్ట్రాలు సుమారు 13 నుంచి 19 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నాయి. దక్షిణం వైపు 15 డిగ్రీల దగ్గర వాలు పెడితే ఏడాదంతా సరిపోతుంది. 10 డిగ్రీల కంటే తగ్గిస్తే వాన నీరు జారక బురద నిలుస్తుంది. గాలివానకు ప్యానెల్ కంటే ముందు లేచిపోయేది స్టాండే. దాని కాంక్రీటు దిమ్మెల దగ్గర పొదుపు చేయొద్దు. ఎర్తింగ్, పిడుగు కడ్డీ, సర్జ్ ప్రొటెక్టర్ మూడూ ఉండాలి.

4. ఆవుల కొట్టం పక్కనా?

ఇది మనలాంటి వాళ్లకే వచ్చే ప్రశ్న. పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఏళ్ల తరబడి తగిలితే ప్యానెల్ అంచులు, కనెక్టర్లు దెబ్బతినొచ్చు. కొట్టం కప్పు మీద పెట్టేట్టయితే ఐఈసీ 62716 అనే అమ్మోనియా పరీక్ష పాసైందో లేదో డేటాషీటులో చూడండి. సముద్రం దగ్గర పొలమైతే ఐఈసీ 61701, అంటే ఉప్పుగాలి పరీక్ష చూడాలి.

5. కొనేముందు వెండర్‌ను అడగాల్సినవి

- డేటాషీటు ఇవ్వండి. కోయెఫిషియంట్ 0.35 లోపు ఉందా?
- హాఫ్‌కట్టేనా? రెండు వైపులా గాజేనా?
- వస్తువు వారంటీ ఎన్నేళ్లు, పవర్ వారంటీ ఎన్నేళ్లు? రెండూ వేరువేరు.
- మే నెల వేడిలో వోల్టేజి తగ్గినా కంట్రోలర్‌కు కావాల్సిన కనీస వోల్టేజి అందేలా వరుసలో ప్యానెళ్లు సరిపోయాయా?
- ప్యానెళ్లన్నీ ఒకే మోడలా? ఒకే వరుసలో పాతవీ కొత్తవీ కలిపితే బలహీనమైనది మిగతావాటినీ లాగేస్తుంది.

2019లో మొదలైన పీఎం కుసుమ్ కింద తీసుకుంటే ఇక్కడ తయారైన సెల్లుతో చేసిన ప్యానెళ్లే ఇవ్వాలి, కాబట్టి మీకు ఎంపిక తక్కువే. అయినా డేటాషీటు అడిగే హక్కు మీదే.

మొత్తం మీద నా మాట: రెండు ధరల మధ్య తేడా తక్కువైతే రెండు గాజుల టాప్‌కాన్ తీసుకోండి. ఎక్కువైతే మంచి మోనో పెర్క్ తీసుకుని, మిగిలిన డబ్బు స్టాండుకు, తొట్టికి పెట్టండి. ఏది తీసుకున్నా తుడిచే గుడ్డ మాత్రం స్టార్టర్ డబ్బా పక్కనే వేలాడాలి. తుడిచే పద్ధతి వీడియో చివర్లో చూపించాను, ఒకసారి చూడండి.