మంచినీటి చేపల తొట్టికి నురుగు తీసే గొట్టం అవసరమా?

మేడ్చల్, శామీర్‌పేట వైపు బోరు పక్కన సిమెంటు తొట్టో, టార్పాలిన్ తొట్టో వేసి కొర్రమీను పెంచాలనుకునే రైతులకు ‘ప్రొటీన్ స్కిమ్మర్’ కొనమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. నీళ్లు మార్చే పనే ఉండదంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కొనేముందు అది ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకోండి.

ఇది నిలువుగా ఉండే గొట్టం. అడుగు నుంచి సన్నటి గాలి బుడగలు వదులుతారు. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి నీళ్లలో కలిసే మాంసకృత్తులు, జిడ్డు ఆ బుడగలకు అంటుకుని నురుగై పైకొస్తాయి. పైనున్న గిన్నెలో చేరిన మురికిని పారబోయాలి. కుళ్లి అమ్మోనియా కాకముందే కొంత బయటికి పోతుందన్నమాట. పగడాలు, సముద్రపు చేపలు పెంచే అద్దాల తొట్లలో దీన్ని ఎక్కువగా వాడతారు.

కిటుకంతా ఉప్పులోనే ఉంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అందులో బుడగలు ఒకదానితో ఒకటి కలవకుండా సన్నగా నిలుస్తాయి. మురికి అంటుకునే చోటు ఎక్కువ. మన బోరు నీళ్లలో బుడగలు కలిసిపోయి, పెద్దవై, పైకి రాగానే పగిలిపోతాయి. నురుగు అరకొరగానే వస్తుంది. అందుకే చిన్న రైతు మంచినీటి తొట్టికి దీన్ని కొనడం దండగ. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి ఆర్ఏఎస్ యూనిట్ మొత్తానికే 50 వేల రూపాయలు లెక్కగట్టారు. గొట్టానికే వేలు పోస్తే మేతకేం మిగులుతుంది?

పైగా, ఒకసారి నీళ్లలో చేరిన అమ్మోనియాను ఈ గొట్టం తీయలేదు. అసలు గండం అదే. 200 గ్రాముల చేపలు 500 ఉన్నాయనుకోండి. రోజుకు 2 కిలోల మేత వేస్తే 60 గ్రాములకు పైగా అమ్మోనియా పుడుతుంది. కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది కదా అని ధీమా వద్దు, అమ్మోనియా దాన్నీ దెబ్బతీస్తుంది.

దీనికి రెండు డ్రమ్ములు పెట్టుకోండి. మొదటి దాంట్లో నీళ్లు నెమ్మదిగా పారి మడ్డి అడుగున దిగాలి. దాన్ని రోజూ వదిలేయాలి. రెండో దాంట్లో పాత వల ముక్కలు, పైపు ముక్కలు నింపి కింద నుంచి గాలి పెట్టాలి. వాటిమీద పెరిగే సూక్ష్మజీవులు అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. అవి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా పిల్లలు తక్కువ, మేత తక్కువ. చేప కోసం కాకపోయినా ఈ జీవుల కోసం గాలి మోటరు ఆపకూడదు. కరెంటు పోతే ఏం చేయాలో ముందే చూసుకోండి.

తొట్టిమీద నురుగు గంటల తరబడి కరగకుండా ఉంటే మేత ఎక్కువైందేమో చూడండి. నురుగును జల్లెడతో తీసేసి, కిట్టుతో అమ్మోనియా పరీక్షించండి. ఎక్కువుంటే ఆ రోజు మేత మానేసి, మూడో వంతు నీళ్లు మార్చండి. చాలామంది వెంటనే సున్నం చల్లుతారు, అది తప్పు. పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషం ఇంకా ముదురుతుంది.

తీసిన నీళ్లు కూరగాయల మళ్లకు పనికొస్తాయి. ఆకుకూరలకైతే ఆకులమీద పడకుండా మొదట్లోనే పారించండి. చేపల పుండ్లకు రాళ్ల ఉప్పు వేసిన నీళ్లను మాత్రం మడిలోకి వదలొద్దు.