వేలంపాటలో పాత సామాను

వేలంపాట ధర్మసమ్మతమే. సాయం కోరి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లోని కంబళిని, గిన్నెను దైవప్రవక్త (సఅసం) స్వయంగా పాట పెట్టారని హదీసుల్లో ఉంది. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు, మరొకరు రెండన్నారు. రెండింటికి ఇచ్చేశారు.

అయితే కొనే ఉద్దేశ్యం లేకుండా ధర పెంచడాన్ని ఆయన నిషేధించారు. దీన్ని ‘నజ్ష్’ అంటారు. అమ్మేవాడు మన బావమరిదే కదా అని ఒక్క మాట పెంచినా అది నజ్షే!

బియ్యానికైతే బజారు ధర ఉంది. నిజాం కాలపు చార్మినార్ రూపాయికి, ఇత్తడి పాన్‌దాన్‌కు పక్కవాడి పాటే కొలబద్ద. అందుకే ఇక్కడ మోసపోవడం తేలిక. జనగామ దగ్గరి పెంబర్తిలో నేటికీ ఇత్తడి పని జరుగుతోంది. కనుక నల్లబడిందని పాతదనుకోకూడదు. అడుగుభాగం, అతుకులు, చేయి తగిలి అరిగిన చోట్లు చూడాలి. కొత్తదని తెలిసీ చెప్పకపోతే అమ్మేవాడిది ద్రోహం.

అసలు వస్తువు అతనిదేనా? 2021 ఏప్రిల్‌లో అదే పెంబర్తిలో నేల చదును చేస్తుంటే నగల బిందె బయటపడింది, అధికారులు స్వాధీనం చేసుకున్నారు. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. దాచిన సొమ్ము ఎంత చౌకైనా మనం ముట్టరాదు. నూరేళ్లు దాటిన పురావస్తువుల వ్యాపారికి 1972 చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. పాట పాడకముందే అడగండి.