నొప్పుల గోలీ జేబులో పెట్టుకుని తిరగకు

ఉప్పల్

శ్రీకాంత్,

నడుము నొప్పికి నువ్వు రోజూ గోలీ వేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు విడిచే వేళకు మా మెడికల్ షాపు ముందు నిలబడేవాళ్లలో చాలామంది చేతిలో డాక్టర్ చీటీ ఉండదు. ఖాళీ స్ట్రిప్పు చూపించి, "అన్నా, గిదే ఇయ్యి" అంటారు. తిప్పి చూస్తే డైక్లోఫెనాక్, లేదంటే ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందులే. నెలల తరబడి మింగితే ముప్పు.

అదెలాగో చెబుతాను. నీలా ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగకపోతే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తన రక్తనాళాలను తెరిచి ఉంచుకోవడానికి ఒంట్లోనే కొన్ని రసాయనాలు తయారవుతాయి. నొప్పుల గోలీ సరిగ్గా వాటినే ఆపుతుంది. బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడేవాళ్లు దీన్ని కూడా వేసుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ నాన్నకు బీపీ ఉంది కదా, నీ స్ట్రిప్పు ఆయన చేతికి అందనివ్వకు. విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజు అసలే ముట్టకు.

మీ అమ్మ షుగరును తేలిగ్గా తీసుకోకు. కిడ్నీలు పాడవడానికి అన్నిటికంటే పెద్ద కారణాలు షుగరు, బీపీలే. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల సన్నని వడపోతలుంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు. అవి పోతున్నప్పుడు నొప్పి కూడా ఉండదు, అదే నా భయమంతా. మూత్రంలో నురగ, కాళ్ల వాపు కనిపించేసరికే చాలా నష్టం జరిగిపోయి ఉండొచ్చు.

శ్రీకాకుళం ఉద్దానంలో షుగరు లేని రైతులకూ, కూలీలకూ కిడ్నీలు పోయాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఎండలో చాకిరీ, తాగే నీళ్లు, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానమే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఆ ఊళ్లకు మంచినీటి పథకం మొదలయ్యాయి. అంతకు ముందే ఎన్ని ఇళ్లు చితికిపోయాయో!

నీ జీతంలో ఈఎస్‌ఐ కింద 0.75 శాతం కోత పడుతోంది. నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. సెలవు రోజు దాకా ఆగకుండా, నైట్ షిఫ్టు దిగిన పొద్దున్నే కార్డు పట్టుకుని వెళ్లు. బీపీ చూపించుకో. షుగరు, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు రాయమని అడుగు. క్రియాటినిన్ నార్మల్ అనగానే లేచి రాకు. అది పెరిగేసరికి చాలాసార్లు కిడ్నీ పని సగానికి పడిపోయి ఉంటుంది. ముందుగా పట్టిచ్చేది మూత్ర పరీక్షే. నడుము సంగతీ అక్కడి డాక్టర్‌కే చెప్పు.

లైన్ మీద ఉన్నానని మూత్రం ఆపుకోకు, బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానకు. సూపర్‌వైజర్ ఒప్పుకోకపోతే నాకు చెప్పు, నేనొచ్చి మాట్లాడతాను. ఎవరో ఇచ్చిన భస్మాలు, పసర్లు కిడ్నీలు కడుగుతాయంటే నమ్మకు.

రిపోర్టులు రాగానే వాట్సాప్‌లో పంపు. ఒక్క అంకె కాదు, మొత్తం కాగితాలన్నీ. ఈసారి మీ అమ్మవి కూడా చేయించు.

మీ మామయ్య