ఆయుధము పట్టిన చేతిని దేవుడు ఏ లెక్క అడుగుతాడు?



మన తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం విచారణల పిల్లలు చాలామంది బెంగుళూరుకో హైదరాబాదుకో పనికి పోతున్నారు. అక్కడ తెల్ల చొక్కా, టై, జేబు మీద పేరు బిళ్లతో ఇద్దరిద్దరుగా తిరిగే యువకులు కొందరికి తారసపడతారు. వారు మోర్మనులు. వారి సంఘము పూర్తి పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము'. ఇక మరికొందరు పిల్లలు మిలిటరీకి పోతామంటారు. మన కురబలకోట మండలపు బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద హెలికాప్టరు ప్రమాదములో జనరల్ బిపిన్ రావత్ గారితో పాటు అసువులు బాసినప్పుడు ఈ ప్రాంతమంతా కన్నీరు పెట్టింది. కొడుకు సైన్యములో చేరతానంటే తల్లికి మొదట కలిగే భయము వాడి ప్రాణము గురించే. భక్తిగల తల్లికి రెండో భయము కూడా ఉంటుంది: "వాడు ఎవరినైనా చంపితే పాపము కాదా స్వామీ?"

ఈ రెండో ప్రశ్నకు మోర్మనులు తమదైన జవాబు చెబుతారు. దానిని తెలుసుకొంటే మన జవాబు కూడా తేటపడుతుంది.

తెలుగువారికి ఈ సంఘము కొత్తదేమీ కాదు. సమోవా దీవులలో ఉంటూ అందులో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం గారు బాప్టిస్టు బోధకులు. మోర్మన్ గ్రంథమును తెలుగులోనికి తెచ్చే పని ఆయనే చేపట్టారు. ఆ గ్రంథము 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ వెలువరించినది. మన శ్రీసభ దానిని దైవగ్రంథముగా అంగీకరించదు. వారి జ్ఞానస్నానము చెల్లదని కూడా 2001లో రోము తీర్పు చెప్పింది. అయినా అందులోని యుద్ధ కథలు మనసును పట్టుకొంటాయని ఒప్పుకోవాలి.

అమ్మోను అనే బోధకుని వలన మారుమనస్సు పొందిన ఒక జనము, తాము మునుపు చిందించిన రక్తమునకు పశ్చాత్తాపపడి, కత్తులను భూమిలో లోతుగా పాతిపెట్టింది. ఇక ఎవరినీ చంపబోమని దేవునికి ఒట్టు పెట్టుకొన్నది. శత్రువులు వచ్చి పడినప్పుడు వారు నేల మీద సాగిలపడి ప్రార్థిస్తూనే ప్రాణాలు విడిచారు. 1005 మంది హతులయ్యారు. అది చూసి నరికేవారే కత్తులు పారవేశారని, చనిపోయిన వారికంటె ఎక్కువ మంది ఆ దినమున మారారని ఆ గ్రంథము చెబుతుంది.

కథ అక్కడితో ఆగలేదు. ఆ జనమునకు పొరుగువారు ఆశ్రయమిచ్చి కాపలా కాశారు, వీరు సైన్యమునకు తిండిగింజలు ఇచ్చారు. కొన్నేళ్లకు పెద్ద యుద్ధము వచ్చింది. తండ్రులు ఒట్టు తీసి గట్టున పెట్టి ఆయుధము పట్టబోతే హీలమన్ అనే నాయకుడు వద్దని ఆపాడు. ఒట్టు పెట్టుకోని కుమారులు 2000 మంది, తరువాత మరి 60 మంది యుద్ధమునకు వెళ్లారు. అందరికీ గాయాలయ్యాయి, ఒక్కడూ చావలేదు. తల్లులు నేర్పిన విశ్వాసమే తమను కాపాడిందని ఆ కుర్రవాళ్లు చెప్పుకొన్నారట. మోర్మను తల్లులకు ఈ కథ ఎంత ప్రియమో వేరే చెప్పనక్కరలేదు.

ఒకే గ్రంథములో కత్తిని పాతిన తండ్రి, కత్తి పట్టిన కొడుకు ఇద్దరూ నీతిమంతులే. అయితే మొరోనై అనే సేనాపతి కథ కూడా అందులోనే ఉంది. స్వేచ్ఛ కొరకు తన అంగీ చింపి జెండాగా ఎత్తిన ఆ వీరుడు, దేశరక్షణకు ఆయుధము పట్టమన్న రాజపక్షము వారిని బలవంతముగా లొంగదీశాడు, లొంగని వారు హతులయ్యారు. అంటే దేవునికి ఒట్టు పెట్టిన వానికి మినహాయింపు ఉంది, తక్కిన వానికి లేదు. ఈ భాగము నాకు మింగుడుపడదు.

వారి చరిత్ర కూడా ఇట్లే రెండు తీరులుగా ఉంది. 1833లో మిస్సోరిలో అల్లరిమూకలు వారిని తరుముతున్న వేళ జోసెఫ్ స్మిత్ ఓర్పును బోధించాడు. యుద్ధమునకు ముందు శత్రువుకు మూడు మార్లు శాంతి ధ్వజము చూపాలన్నాడు. 1838లో హాన్స్ మిల్ అనేచోట వారి వారు 17 మంది హతమయ్యారు. 1857 సెప్టెంబరులో, యూటాలోని మౌంటెన్ మెడోస్ వద్ద, మోర్మను దండు వారే దారిన పోయే సుమారు 120 మంది వలసదారులను చంపారు. అందుకు ఆ సంఘ నాయకత్వము 2007లో తీవ్ర విచారము తెలిపింది.

1942 ఏప్రిలులో వారి అధ్యక్ష మండలి ఒక ప్రకటన చేసింది. సంఘము యుద్ధమునకు వ్యతిరేకమే. అయినా దేశము పిలిస్తే సభ్యుడు వెళ్లాలి. పై అధికారి ఆజ్ఞ ప్రకారము పోరాడిన సైనికుని దేవుడు నరహంతకునిగా ఎంచడు, ఆ పాపము పాలకుల మీద ఉంటుందని దాని సారాంశము. 2003లో వారి అధ్యక్షుడు గోర్డన్ హింక్లీ కూడా ఇంచుమించు ఇదే చెప్పారు.

దీనిని చూసి మనము నవ్వనక్కరలేదు. మన పునీత అగస్టీను గారే పదహారు వందల ఏండ్ల క్రిందట, రాజు ఆజ్ఞ అన్యాయమైనదైనా విధేయత వలన సైనికుడు నిర్దోషి కావచ్చునని వ్రాశారు. కానీ మన శ్రీసభ ఆలోచన అక్కడ నిలిచిపోలేదు. 1539లో స్పెయినులోని సాలమంకలో దోమినిక్ సభ గురువు ఫ్రాన్సిస్కో దె విటోరియా, యుద్ధము అన్యాయమైనదని మనస్సాక్షికి రూఢిగా తెలిసిన వాడు రాజు ఆజ్ఞాపించినా వెళ్లరాదని బోధించారు. ద్వితీయ వాటికను మహాసభ 1965లో, మనస్సాక్షిని బట్టి ఆయుధము పట్టని వారికి చట్టములో చోటివ్వడము న్యాయమన్నది. 1992 నాటి శ్రీసభ సత్యోపదేశము సైనికుని సేవను గౌరవిస్తూనే, మానవధర్మమునకు విరుద్ధమైన ఆజ్ఞను గ్రుడ్డిగా పాటించడము సాకు కాదని చెబుతుంది.

పుస్తకములోని బోధ జీవితములో ఎంత కష్టమో ఇద్దరు మనుష్యులను చూస్తే తెలుస్తుంది. హాంబర్గులోని మోర్మను బాలుడు హెల్ముట్ హ్యూబెనర్ దొంగచాటుగా లండను రేడియో విని, హిట్లరు అబద్ధాలను ఎండగడుతూ కరపత్రాలు టైపు చేసి పంచాడు. 1942 అక్టోబరు 27న అతని తల నరికారు. వయసు 17 ఏండ్లు. అరెస్టయిన తరువాత అతని స్థానిక సంఘ పెద్ద, నాజీ పార్టీ సభ్యుడు, అతనిని సంఘము నుండి వెలివేశాడు. యుద్ధము ముగిశాక ఆ వెలిని రద్దు చేశారు.

మరుసటి ఏడు ఆగస్టు 9న మన కతోలిక రైతు ఫ్రాన్స్ యేగర్‌స్టేటర్ తల కూడా అట్లే తెగింది. ఆస్ట్రియా పల్లెటూరివాడు, భార్య, చిన్న బిడ్డలు గలవాడు. హిట్లరు యుద్ధములో పోరాడనన్నాడు. కుటుంబమును తలచుకొమ్మని పీఠాధిపతులే నచ్చజెప్పారు. ఆయన వినలేదు. 2007 అక్టోబరు 26న లింజ్ నగరములో శ్రీసభ ఆయనను ధన్యునిగా ప్రకటించినప్పుడు 94 ఏండ్ల భార్య ఫ్రాన్సిస్కా అక్కడే ఉన్నది. ఇద్దరి విషయములోనూ సంఘ పెద్దలకంటె వారి మనస్సాక్షియే ముందు చూడగలిగింది. గురువుగా ఈ మాట వ్రాయడము నాకు సుఖముగా లేదు, కానీ నిజము అదే.

మన దేశములో నిర్బంధ సైనిక సేవ లేదు, చేరేవాడు ఇష్టపడి చేరతాడు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకములో పదిహేడున్నర ఏండ్లకే చేరవచ్చు. పద్దెనిమిది నిండని వాని పత్రము మీద తల్లిదండ్రులు సంతకము చేయాలి. ఆ సంతకమునకు ముందు ఇంటిలో ఒక సాయంత్రము కూర్చుని, సత్యోపదేశములో 2302 నుండి 2317 వరకు గల భాగాలను బిడ్డతో కలిసి చదవండి. చదివాక ఒక సంగతి కూడా చెప్పండి. 1950 నాటి మన సైన్య చట్టము 41వ సెక్షను పై అధికారి ఆజ్ఞను ధిక్కరించిన సైనికుని శిక్షిస్తుంది. కానీ ఆ సెక్షనులో 'ఆజ్ఞ' అనే మాటకు ముందు 'చట్టబద్ధమైన' అనే విశేషణము ఉంది.